సూపుతో చేతులు కడుక్కోవాలా?



మధ్యాహ్నం భోజనం గంట కొట్టారు. "అందరూ సూపుతో చేతులు కడుక్కుని రండి" అని మీ పంతులమ్మగారు చెప్పారనుకోండి. మీరేం చేస్తారు? ముందు తెల్లబోతారు. తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వంటశాలలో పొగలు కక్కుతున్న సూపు గంగాళం దగ్గరికి వెళ్ళి, ఇందులో చెయ్యి పెడితే కాలదా అని ఆలోచిస్తూ నిలబడతారు.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని బడులలో కొందరు పిల్లలకు ఇటువంటి చిక్కులు రోజూ వస్తుంటాయి. వారి ఇంట్లో భాష స్పానిష్, బడిలో భాష ఇంగ్లీషు. ఈ నెల వారి తికమకలను చూసి కాసేపు నవ్వుకుందాం. అంతటితో ఆగకుండా ఆ తికమకలకు కారణాలేమిటో కూడా తెలుసుకుందాం. ఎందుకంటే ఈ తప్పులు ఊరికే జరగవు. చెట్టు నుంచి పండు రాలడానికి ఒక నియమం ఉన్నట్టే, నాలుక తడబడటానికీ ఒక నియమం ఉన్నది.

ఇద్దరు పిల్లలు, రెండు భాషలు

మెక్సికో మొదలుకొని అర్జెంటీనా దాకా ఉన్న దేశాలలో అధిక భాగానికి భాష స్పానిష్. ఆ దేశాల నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడినవారినీ, వారి సంతతినీ లాటినోలు అంటారు. 2020 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో వీరు 6 కోట్ల 20 లక్షల పైచిలుకు. వీరంతా ఈ మధ్య వచ్చినవారే అనుకోకండి. టెక్సస్ రాష్ట్రం 1836 దాకా మెక్సికోలో భాగమే. అందులోని సాన్ ఆంటోనియో నగరం 1718లో స్పానిష్‌వారు స్థాపించినది. ఈనాటికీ ఆ ఊళ్ళో సగానికి పైగా లాటినోలే.

ఆ ఊళ్ళో ఇద్దరు పిల్లలు ఉన్నారని ఊహించుకుందాం. అబ్బాయికి హోసే అని పేరు పెడదాం. పదేళ్ళవాడు. నిరుడే అమ్మానాన్నలతో, బామ్మతో మెక్సికో నుంచి వచ్చాడు. స్పానిష్ గలగలా మాట్లాడతాడు, ఇంగ్లీషు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు. అమ్మాయి పేరు హూలియా. అతని చిన్నాన్న కూతురు, ఏడేళ్ళది. సాన్ ఆంటోనియోలోనే పుట్టింది. ఆమెకు ఇంగ్లీషు బాగా వచ్చు. స్పానిష్ మాత్రం బామ్మ వచ్చాకనే ఎక్కువగా వినబడుతోంది. ఈ పిల్లలు మన ఊహలోనివారే. వారు చేసే తప్పులు మాత్రం అక్కడి ఇళ్ళలో, బడులలో ఎందరో పిల్లలు చేసేవే.

హాజరు పట్టీలో తికమక

మొదటిరోజు పంతులమ్మగారు హాజరు వేస్తున్నారు. "జోస్!" అని పిలిచారు. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచి, రాలేదని గుర్తు పెట్టేశారు. హోసే మొదటి వరుసలోనే కూర్చుని, 'పాపం, ఆ జోస్ ఎవరో మొదటిరోజే బడికి రాలేదు' అనుకుంటున్నాడు! స్పానిష్‌లో 'జె' అక్షరాన్ని దాదాపు 'హ' అని పలుకుతారు. ఇంగ్లీషు చదివినవారు దాన్ని 'జ' అని చదివారు. అక్షరం ఒకటే, ధ్వనులు రెండు.

మర్నాడు మరో చిక్కు. వాళ్ళ నాన్న బడి కార్యాలయానికి వెళ్ళి, "గార్సియావారి అబ్బాయి ఏ తరగతిలో ఉన్నాడు?" అని అడిగితే, అటువంటి పిల్లవాడే లేడన్నారు. స్పానిష్ పద్ధతిలో మనిషికి రెండు ఇంటిపేర్లు ఉంటాయి. ముందు తండ్రి ఇంటిపేరు, వెనుక తల్లి ఇంటిపేరు. ఆ లెక్కన మన హోసే పూర్తి పేరు హోసే గార్సియా లోపెస్. ఇంగ్లీషు పద్ధతిలో చివరిదే ఇంటిపేరు కనుక గుమాస్తాగారు లోపెస్ అని రాసుకున్నారు. మనకైతే ఇంటిపేరు ముందే వస్తుంది. మన పేర్లను ఆ పట్టీలో ఎక్కిస్తే ఇంకెంత గందరగోళమో మీరే ఊహించండి!

జ్వరం వచ్చినప్పుడు ఇంకొక వింత జరిగింది. "మా అబ్బాయికి 38 డిగ్రీలు ఉన్నది, బడికి పంపడం లేదు" అని అమ్మ ఫోను చేసింది. అవతలివారు కంగారుపడ్డారు. అమెరికాలో జ్వరాన్ని ఫారన్‌హీట్ డిగ్రీలలో చూస్తారు. ఆ లెక్కలో 38 అంటే ఇంచుమించు మంచు గడ్డ కట్టే చలి. అమ్మ చెప్పినది సెల్సియస్. 38ని 9తో హెచ్చించి, 5తో భాగించి, 32 కలపండి. 100.4 వస్తుంది. ఉన్న జ్వరం ఒక్కటే, కొలబద్దలు రెండు. 38 తప్పు కాదు, 100.4 తప్పు కాదు. ఒక కొలబద్ద మీద చదివిన అంకెను మరొక కొలబద్ద మీద పెట్టడమే తప్పు.

ఈ మాటను గుర్తుపెట్టుకోండి. ఇకమీద మనం చూడబోయే పొరపాట్లలో చాలావాటికి ఇదే కీలకం.

మాటలలో దొంగ చుట్టాలు

ఇప్పుడు సూపు సంగతికి వద్దాం. పంతులమ్మగారు నిజానికి చెప్పినది, "సోప్‌తో చేతులు కడుక్కోండి" అని. సోప్ అంటే సబ్బు. హోసేకు తెలిసిన స్పానిష్‌లో 'సోపా' అంటే సూపు. చెవికి సోపాలా వినబడింది. ఈ దేశంలో ఇదేదో కొత్త ఆచారం కాబోలనుకున్నాడు పాపం!

హూలియాది దీనికి తలకిందులు. "పెరట్లో రోపా ఆరింది, తీసుకురా తల్లీ" అన్నది బామ్మ. స్పానిష్‌లో 'రోపా' అంటే బట్టలు. ఇంగ్లీషులో 'రోప్' అంటే తాడు. హూలియా చాలా శ్రద్ధగా దండెపు తాడు రెండు కొసలూ విప్పి, చుట్ట చుట్టి, బామ్మకు తెచ్చి ఇచ్చింది. ఉతికిన బట్టలన్నీ మట్టిలో ఉన్నాయి.

ఆ సాయంత్రం ఆ పిల్ల తలవంచుకుని, "బామ్మా, నాకు సిగ్గుగా ఉన్నది" అని స్పానిష్‌లో చెప్పబోయింది. సిగ్గుపడ్డాననడానికి ఇంగ్లీషు మాట 'ఎంబరాస్డ్'. దానికి స్పానిష్ తోక తగిలిస్తే సరిపోతుందనుకుని, "నేను ఎంబరసాదా" అన్నది. బామ్మ నవ్వలేక చచ్చింది. ఆ మాటకు స్పానిష్‌లో అర్థం గర్భవతి అని!

నాన్నకూ ఒక అనుభవం ఉన్నది. మొదటిసారి బడికి వెళ్ళినప్పుడు ప్రతి తలుపు మీదా ఎర్రదీపంతో 'ఎగ్జిట్' అని వెలుగుతూ కనబడింది. స్పానిష్‌లో 'ఎక్సితో' అంటే విజయం. "ఎంత మంచి బడి! పిల్లలు ఏ తలుపు చూసినా విజయం కనబడేటట్టు రాశారు" అని మురిసిపోయాడు. అది బయటికి వెళ్ళే దారి అని హోసే చెప్పేదాకా ఆయనకు తెలియలేదు.

పైకి ఒకేలా కనబడి, అర్థంలో వేరయిన ఇటువంటి మాటలను భాషాశాస్త్రంలో 'కపట మిత్రులు' అంటారు. దొంగ చుట్టాలన్నా తప్పులేదు. వీటిలో అసలు చుట్టరికాలు తెలిస్తే ఆశ్చర్యపోతారు. సోప్‌కూ సోపాకూ బంధుత్వం లేదు. సోపా అసలు చుట్టం సూపే. ఇంగ్లీషు సోప్‌కు నిజమైన బంధువు, స్పానిష్‌లో సబ్బును చెప్పే 'హబోన్' అనే మాట. వినడానికి అసలు పోలికే లేదు కదా! మన సబ్బు కూడా ఆ కుటుంబం నుంచే దేశాలు తిరిగి మన ఇంటికి వచ్చింది. రోపాకు బంధువు రోప్ కాదు, 'రోబ్'. అంటే పొడవాటి అంగీ. ఇక ఎగ్జిట్, ఎక్సితో మాత్రం నిజంగానే అన్నదమ్ములు. రెండూ బయటికి పోవడమనే అర్థంగల లాటిన్ మాట నుంచి పుట్టాయి. ఒక తమ్ముడు బయటి దారి దగ్గరే ఆగిపోయాడు. రెండోవాడు పని ఎలా బయటపడింది, ఫలితమేమిటి అనే అర్థం మీదుగా విజయం దాకా వెళ్ళాడు. కాబట్టి ముఖాల పోలిక చూసి చుట్టరికం కలపకూడదు. జీవశాస్త్రంలోనూ ఇంతే కదా! తిమింగలం చేపలా కనబడుతుంది, కాని అది చేప కాదు.

ఎస్కూల్, ఇస్కూలు

హోసే 'స్కూల్' అనలేడు. 'ఎస్కూల్' అంటాడు. స్పూన్‌ను 'ఎస్పూన్' అంటాడు. తరగతిలో కొందరు నవ్వుతారు.

ఇందులో ఉన్న నియమం చూడండి. స్పానిష్‌లో ఏ మాటా 'స'తో మొదలై వెంటనే మరో హల్లుతో కలిసి రాదు. ముందు ఒక 'ఎ' ఉండి తీరాలి. బడిని వారు 'ఎస్క్వేలా' అంటారు. స్టేషన్‌ను 'ఎస్తాసియోన్' అంటారు. పుట్టినప్పటి నుంచీ ఆ నియమానికి అలవాటుపడ్డ నాలుక, కొత్త మాట వచ్చినా అదే నియమం పాటిస్తుంది. అంటే హోసే నాలుక తప్పు చేయడం లేదు, తనకు వచ్చిన వ్యాకరణాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నది!

ఇది విన్నప్పుడు నాకు నా చిన్నతనం గుర్తుకు వస్తుంది. మా పల్లెలో అందరం 'ఇస్కూలు' అనేవాళ్ళం. రైలాగే చోటు 'ఇస్టేషను'. పట్నంలో హైస్కూలులో చేరిన మొదటివారమే నేను 'ఇస్కూలు' అంటే తరగతి తరగతంతా గొల్లుమన్నది. ఒక మాస్టారు బెంచీ ఎక్కించారు కూడా. ఆ తర్వాత చాలా రోజులు నేను తరగతిలో నోరు విప్పలేదు. తెలిసిన జవాబులు కూడా మింగేశాను. అచ్చతెలుగు మాటలు కూడా సాధారణంగా అటువంటి జంట హల్లులతో మొదలుకావని, అందుకే మా నాలుకలు ముందు ఒక 'ఇ' చేర్చుకున్నాయని నాకు ఎన్నో ఏళ్ళ తర్వాత తెలిసింది. ఎక్కడి మెక్సికో, ఎక్కడి మా పల్లె! నియమం ఒకేలా ఉంటే తప్పూ ఒకేలా ఉన్నది.

మరి ఒక విషయంలో మనకు హోసే కంటె వీలు ఎక్కువ. ఇంగ్లీషులో 'షిప్' అంటే ఓడ, 'షీప్' అంటే గొర్రె. స్పానిష్‌లో ఉన్న అచ్చులు అయిదే: ఆ, ఎ, ఇ, ఒ, ఉ. హ్రస్వం, దీర్ఘం అనే తేడాతో అక్కడ అర్థం మారదు. అందుచేత హోసే చెవికి షిప్, షీప్ రెండూ ఒకటే. "మా తాతకు పొలంలో ఇరవై ఓడలున్నాయి" అని వ్యాసంలో రాశాడు. మనకు ఇ, ఈ అనే తేడా అక్షరాభ్యాసం నాటి నుంచీ తెలుసు కనుక ఆ పొరపాటు మనం తేలికగా చేయం.

చెవి ఎప్పుడు అలవాటుపడుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన ఒక ప్రయోగం ఉన్నది. 1984లో కెనడాకు చెందిన జానెట్ వెర్కర్ అనే శాస్త్రజ్ఞురాలు, రిచర్డ్ టీస్ అనే శాస్త్రజ్ఞుడు ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని పసిపిల్లలకు హిందీ ధ్వనులు వినిపించారు. ఏ ధ్వనులో తెలుసా? 'త', 'ట'. మనకు ఈ రెండూ వేరువేరు అక్షరాలు. ఇంగ్లీషువారికి ఆ తేడా లేదు.

పలకలేని పసిపాపకు తేడా తెలిసిందో లేదో ఎలా కనుక్కోవాలి? ధ్వని మారినప్పుడల్లా పక్కనున్న పెట్టెలో ఒక బొమ్మ వెలిగి ఆడేటట్టు ఏర్పాటు చేశారు. కొద్దిసేపటికి పాపలు ధ్వని మారగానే బొమ్మ కోసం తల తిప్పడం నేర్చుకున్నారు. తల తిప్పితే తేడా తెలిసినట్టే! ఆరు నుంచి ఎనిమిది నెలల పాపలలో చాలామంది తల తిప్పారు. పది నుంచి పన్నెండు నెలలవారిలో మాత్రం తిప్పినవారు చాలా తక్కువ.

అంటే మనం పుట్టినప్పుడు మన చెవి ఎన్నో భాషల ధ్వనులకు తెరిచి ఉంటుంది. మొదటి పుట్టినరోజు వచ్చేసరికి, తన చుట్టూ వినబడే భాషకు అవసరమైన తేడాలనే పట్టుకుని, మిగిలినవాటిని వదిలిపెట్టడం మొదలుపెడుతుంది. ఇది లోపం కాదు, పొదుపు. హోసే చెవి చేసినదీ అదే. తర్వాత సాధనతో ఆ తేడాలను మళ్ళీ నేర్చుకోవచ్చు. కాకపోతే కొంచెం కష్టపడాలి.

"నా దగ్గర పదేళ్ళున్నాయి"

"నీ వయస్సెంత?" అని అడిగితే హోసే, "నా దగ్గర పదేళ్ళున్నాయి" అన్న ధోరణిలో ఇంగ్లీషులో జవాబు చెబుతాడు. ఇంగ్లీషులో మనిషి వయస్సుగా 'ఉంటాడు'. స్పానిష్‌లో మనిషి ఏళ్ళను 'కలిగి ఉంటాడు'. ఆకలినీ దాహాన్నీ కూడా కలిగే ఉంటాడు. తెలుగులో ఎలా అంటాం? "నాకు పదేళ్ళు." మనకు ఏళ్ళు వస్తాయి, ఆకలి వేస్తుంది, నిద్ర వస్తుంది. అవన్నీ మనల్ని వెతుక్కుంటూ వచ్చేవే!

ఇంకొక చోట మాత్రం స్పానిష్, తెలుగు ఒక్కటవుతాయి. ఇంగ్లీషువారు "నేను మామిడిపండును ఇష్టపడతాను" అనే పద్ధతిలో చెబుతారు. స్పానిష్‌వారు "మె గుస్తా" అంటారు. అంటే "నాకు రుచిస్తుంది". మనం "నాకు ఇష్టం" అంటాం. 'నేను' కాదు, 'నాకు'. సముద్రాల అవతలి భాషకూ మన భాషకూ చుట్టరికం లేకపోయినా ఈ పోలిక కుదిరింది.

లెక్కలలో కూడా ఒక గొయ్యి ఉన్నది. ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. ఇంగ్లీషులో దీన్ని 8 బిలియన్లు అంటారు. బిలియన్ అంటే 1 పక్కన 9 సున్నాలు, మన లెక్కలో 100 కోట్లు. ఇంటిపనిలో అమ్మను అడిగి హోసే 8 పక్కన 12 సున్నాలు పెట్టుకు వచ్చాడు. ఎందుకంటే స్పానిష్‌లో 'బియోన్' అంటే 1 పక్కన 12 సున్నాలు, అంటే లక్ష కోట్లు. అసలు సంఖ్యకు వెయ్యిరెట్లు! ఇక్కడా కొలబద్దే మారింది, తెలివి కాదు.

కలగలుపు మాటలు

ఏడాది గడిచేసరికి హోసే, హూలియా కొత్త ధోరణిలో పడ్డారు. వాక్యం స్పానిష్‌లో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగిస్తారు. మధ్యాహ్న భోజనం 'లంచ్' వారి నోట 'లోంచే' అయింది. 'ట్రక్' కాస్తా 'త్రోకా' అయింది. కారు నిలపడానికి 'పార్కెయార్' అంటారు. అంటే ఇంగ్లీషు 'పార్క్'కు స్పానిష్ క్రియల తోక అతికించారన్నమాట. "ఇదేం భాష?" అని బామ్మ కసురుకుంటుంది.

మనం మాత్రం? "బండి పార్కు చేసి వస్తాను", "బస్సు మిస్సయ్యాను" అంటాం. పార్కు ఇంగ్లీషు, 'చేసి' తెలుగు. కలిపే పద్ధతి మాత్రం ఖచ్చితంగా తెలుగు వ్యాకరణమే.

షానా పాప్లాక్ అనే భాషాశాస్త్రజ్ఞురాలు న్యూయార్కులోని ప్యూర్టోరికో లాటినోల సంభాషణలను పరిశీలించి 1980లో తన ఫలితాలు ప్రకటించారు. రెండు భాషలూ సరిగా రానివారే ఇలా కలుపుతారని అంతకుముందు చాలామంది అనుకునేవారు. ఆమె చూసినది వేరు. వాక్యం నడుమ తేలికగా భాష మార్చగలిగినవారు రెండు భాషలూ బాగా వచ్చినవారే. అతుకు వేసిన చోట కూడా దాదాపు ఎక్కడా ఏ భాష వ్యాకరణమూ చెడలేదు. రెండు గుడ్డలను అతుకు కనబడకుండా కుట్టగలవాడు మంచి దర్జీయే కదా!

దుబాసీ పని

ఇంట్లో ఇంగ్లీషు వచ్చినది పిల్లలకే కాబట్టి, వారే పెద్దలకు దుబాసీలవుతారు. రెండు భాషలు వచ్చినవాడు ద్విభాషి. ఆ మాటే దుబాసీ అయింది. బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. "మీ అబ్బాయి తరగతిలో అతిగా మాట్లాడుతున్నాడు" అన్నారు పంతులమ్మగారు. హోసే గంభీరంగా అమ్మవైపు తిరిగి, "నేను తరగతిలో బాగా మాట్లాడతానట" అని అనువదించాడు. అమ్మ సంతోషంతో పంతులమ్మగారికి పదేపదే కృతజ్ఞతలు చెప్పింది. పంతులమ్మగారికి ఏమీ అర్థం కాలేదు!

ఇది నవ్వుకోదగ్గదే. అన్నివేళలా ఇలా నవ్వుతో పోదు. 1980లో ఫ్లోరిడాలో ఒక 18 ఏళ్ళ యువకుడు ఉన్నట్టుండి తలనొప్పితో పడిపోయాడు. క్యూబా నుంచి వచ్చిన అతని కుటుంబంవారు ఆసుపత్రిలో 'ఇంతోక్సికాదో' అనే మాట వాడారు. తిన్నదేదో విషమించింది అని వారి ఉద్దేశం. ఇంగ్లీషు చెవికి అది 'ఇంటాక్సికేటెడ్' అని, అంటే మత్తులో ఉన్నాడని వినబడింది. మత్తుమందు ఎక్కువైందనుకుని వైద్యం చేశారు. నిజానికి అతని మెదడులో రక్తస్రావం అవుతున్నది. అది తెలిసేసరికి ఆలస్యమైపోయి, కాళ్ళూ చేతులూ శాశ్వతంగా పడిపోయాయి. ఒక్క దొంగ చుట్టం చేసిన పని! శిక్షణ పొందిన దుబాసీ పక్కన ఉండటం ఎంత అవసరమో దీనివల్ల తెలుస్తుంది. ప్రాణాపాయ సమయంలో తప్ప చిన్నపిల్లలను దుబాసీలుగా వాడుకోరాదని, ప్రభుత్వ ధనసహాయం పొందే ఆసుపత్రులకు అమెరికా ప్రభుత్వం 2016లో నియమం పెట్టింది.

తప్పును తెలివితక్కువ అనుకుంటే

టెక్సస్‌లో మార్ఫా అనే చిన్న ఊరు ఉన్నది. అక్కడి బ్లాక్‌వెల్ బడిలో చదివేది మెక్సికో సంతతి పిల్లలు. 1954లో ఆ బడిలో ఒక తంతు జరిపించారు. స్పానిష్ మాట్లాడబోమని పిల్లలచేత కాగితం ముక్కల మీద రాయించి, వాటిని పెట్టెలో పెట్టి, మనిషిని పాతిపెట్టినట్టు నేలలో పాతించారు. అమ్మ జోలపాట పాడిన భాషను తమ చేతులతోనే పూడ్చిన ఆ పిల్లలకు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. ఆ బడి 1965లో మూతపడింది. అక్కడ చదివినవారు ఆ కట్టడాన్ని కూలిపోకుండా కాపాడుకున్నారు. 2024లో అది జాతీయ చారిత్రక స్థలమైంది.

ఇంకొక అన్యాయం తెలివితేటల పరీక్షల రూపంలో జరిగింది. స్పానిష్ పిల్లలకు ఇంగ్లీషులో పరీక్ష పెట్టి, మార్కులు తక్కువ వస్తే మందబుద్ధులనేవారు. జార్జి సాంచెస్ అనే లాటినో విద్యావేత్త ఇది సరికాదని 1934లోనే హెచ్చరించారు. ఆయన న్యూ మెక్సికోలో చిన్న వయస్సులోనే పల్లె బడి పంతులుగా పనిచేసినవాడు. పిల్లవాడికి రాని భాషలో ప్రశ్న అడిగితే కొలిచేది అతని భాషను గాని బుద్ధిని కాదని ఆయన వాదన. ఆ మాట వెంటనే ఎవరూ వినలేదు. కాలిఫోర్నియాలో మెక్సికో సంతతికి చెందిన 9 మంది పిల్లలను ఇలాగే మందబుద్ధుల తరగతులలో వేస్తే, విషయం న్యాయస్థానానికి వెళ్ళింది. వారినే మళ్ళీ స్పానిష్‌లో పరీక్షిస్తే, అందులో ఎక్కువమంది మందబుద్ధులు కారని తేలింది. పిల్లలను వారి ఇంటి భాషలో కూడా పరీక్షించాలని 1970లో ఒప్పందం కుదిరింది.

చూశారా, మళ్ళీ కొలబద్ద కథే! జ్వరం విషయంలో కొలబద్ద మారితే ఒక పూట కంగారు. పిల్లవాడి బుద్ధి విషయంలో మారితే ఒక జీవితం.

మెదడులో రెండు దీపాలు

ఇంతకీ రెండు భాషలు వచ్చినవారి మెదడులో ఏం జరుగుతుంది? ఒకటి మాట్లాడేటప్పుడు రెండోది నిద్రపోతుందా?

1999లో అమెరికాలో మైకేల్ స్పివీ, వియోరికా మారియన్ అనే శాస్త్రజ్ఞులు దీన్ని చక్కని ఉపాయంతో పరీక్షించారు. రష్యన్, ఇంగ్లీషు రెండూ వచ్చినవారి ముందు కొన్ని వస్తువులు పెట్టి, చూపు ఎటు పోతుందో గమనించే పరికరం తగిలించారు. రష్యన్‌లో 'మార్కా' అంటే తపాలా బిళ్ళ. దానిని తీయమని రష్యన్‌లో చెప్పగానే కొందరి చూపు ఒక్క క్షణం పక్కనే ఉన్న మార్కరు కలం మీదికి పోయింది! ఇంగ్లీషులో ఎవరూ మాట్లాడలేదు. అయినా ఇంగ్లీషు మాట లోపల మేల్కొన్నది. అంటే రెండు భాషల దీపాలూ ఒకేసారి వెలుగుతూనే ఉంటాయి. ఏ దీపం వెలుగులో చదవాలో మెదడు క్షణక్షణం ఎంచుకుంటుంది. సబ్బు అన్నప్పుడు హోసేకు సూపు తోచడం ఇందువల్లనే.

ఈ భారంతో మెదడు అలసిపోదా? 1962లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ అనేవారు పదేళ్ళ పిల్లలను పరీక్షించారు. ఫ్రెంచి, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చిన పిల్లలు, ఒకే భాష వచ్చినవారికి తీసిపోలేదు సరికదా, ఎన్నో పరీక్షలలో మెరుగ్గా చేశారు. రెండు భాషల వల్ల తెలివి పెరుగుతుందా అన్న విషయంలో ఆ తర్వాతి పరిశోధనలు అన్నీ ఏకీభవించడం లేదు. కాని రెండు భాషలు నేర్చినందువల్ల బుద్ధి మందగిస్తుందన్న పాత భయం మాత్రం నిలవలేదు.

చేసి చూడండి

1. పలచని కాగితాన్ని రెండు వేళ్ళ వెడల్పున, జానెడు పొడవున కత్తిరించండి. ఒక కొస పట్టుకుని నోటికి ఎదురుగా వేలాడదీయండి. 'ప' అనండి. కాగితం ఇంచుమించు కదలదు. ఇప్పుడు పెదవులు మూసి తెరుస్తూ, ఒత్తుతో 'ఫ' అనండి. దీనిని ఎఫ్ అక్షరంలా పలకకూడదు. కాగితం ఎగురుతుంది. ఇంగ్లీషువారు 'పిన్' అన్నప్పుడు కాగితం ఎగురుతుంది. స్పానిష్‌వారు అంటే ఎగరదు, తెలుగువారం మనం అన్నా ఎగరదు. యాస అనేది బుద్ధిలో లేదు, ఊపిరి వదిలే అలవాటులో ఉన్నదని మీకే తెలుస్తుంది.

2. ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. మీరు గాని, మీ ఇంట్లోవారు గాని మరో భాష మాట్లాడేటప్పుడు చేసిన పొరపాట్లను రాయండి. ప్రతి పొరపాటు పక్కన, 'ఏ నియమం దీనికి కారణం?' అని రాసి జవాబు వెతకండి. నెల తిరిగేసరికి మీరు చిన్నపాటి భాషాశాస్త్రజ్ఞులవుతారు.

చివరగా ఒక మాట. మీ తరగతిలో కూడా ఇంట్లో లంబాడీయో, కోయో, ఉర్దూయో, తమిళమో మాట్లాడే నేస్తం ఉండవచ్చు. అతను తెలుగు పాఠం చదువుతూ తడబడితే నవ్వు రావడం సహజం. నవ్వండి, తప్పులేదు. కాని అతనూ మీతో కలిసి నవ్వేలా నవ్వండి. తర్వాత, "మీ భాషలో దీన్ని ఏమంటారు?" అని అడగండి. తడబడిన ఆ నోటిలో మీకు తెలియని ఒక భాష మొత్తం ఉన్నదని గుర్తుంచుకోండి. బెంచీ ఎక్కి నిలబడ్డ రోజున నన్నెవరైనా ఆ ప్రశ్న అడిగి ఉంటే, నేను మింగేసిన జవాబులు కొన్నయినా బయటికి వచ్చేవి.

ఆలోచించండి

1. జ్వరం 39 డిగ్రీల సెల్సియస్ అయితే ఫారన్‌హీట్‌లో ఎంత?

2. స్పానిష్‌లో 'పాన్' అంటే రొట్టె, ఇంగ్లీషులో 'ప్యాన్' అంటే పెనం, మనకు పాన్ అంటే కిళ్ళీ. ముగ్గురు స్నేహితులు ఒకే దుకాణంలో 'పాన్' అడిగితే ఏం జరుగుతుందో పది వాక్యాలలో రాయండి.

3. తెలుగు చెవికి ఒకేలా వినబడి, ఇంగ్లీషులో వేరయిన ధ్వనులు ఏవైనా ఉన్నాయా? మీ ఇంగ్లీషు మాస్టారిని అడిగి తెలుసుకోండి.